నులిపురుగుకు పేరు అక్కర్లేదా?

పీకిన టమోటా మొక్కను చేతబట్టుకొని కోడుమూరు మందుల అంగడికి వచ్చే రైతుకు దొరికే జవాబు ఏళ్లుగా ఒకటే. వేళ్ల నిండా బుడిపెలు కనిపించగానే అంగడాయన గుళికల సంచి కిందికి దింపుతాడు. “నులిపురుగన్నా ఇది. గుళికలు చల్లి తడి పెట్టు” అంటాడు. ఏ నులిపురుగని రైతు అడగడు. ఎప్పుడైనా చదువుకున్న కుర్రాడొకడు అడిగితే “ఏదైతే ఏమబ్బా, మందు ఒకటే కదా” అనే మాట వస్తుంది. ఆ మాటతో బేరం ముగుస్తుంది.

ఇది ఒక్క అంగడి మాట కాదు. హంద్రీ ఒడ్డు నుంచి పత్తికొండ దాకా, అటు కడప జిల్లా అరటి, చీనీ తోటల దాకా పాతుకుపోయిన అభిప్రాయం. నులిపురుగుల్ని జాతుల వారీగా విడదీసి, పేరు పెట్టి, తెగ తేల్చడం విశ్వవిద్యాలయంలో పట్టా కోసం చేసే పనే గాని చేలో చేసే పని కాదన్నది దాని సారం. వ్యవసాయ సిబ్బందిలోనూ ఇలా అనుకునేవారు తక్కువేం కాదు. “బుడిపె ఉంటే నులిపురుగు, లేకపోతే ఇంకేదో” అన్న ఒక్క వాక్యంతో రోగనిర్ధారణ అయిపోతుంది. ఈ అభిప్రాయం తప్పు. మెట్ట రైతుకు దీనివల్ల జరిగిన నష్టం, జరుగుతున్న నష్టం చాలా ఉంది కాబట్టి దీన్ని గట్టిగానే ఖండించాలి.

“బుడిపె లేకపోతే నులిపురుగు లేదు” అన్న సగం మాటను ముందు చూద్దాం. దీన్ని కూల్చడానికి విదేశాల దాకా పోనక్కర్లేదు, రాయలసీమ చరిత్రే చాలు. 1975-76లో చిత్తూరు జిల్లా కాళహస్తి ప్రాంతంలో వేరుశనగకు ఒక వింత తెగులు వచ్చింది. చేలో అక్కడక్కడా పట్టీలుగా మొక్కలు గిడసబారాయి గాని ఆకు పండలేదు, వాడలేదు. మామూలు మొక్క కన్నా ముదురు పచ్చగా కనిపించింది. పైకి చూసినవాడు చేను బాగుందనే అనుకుంటాడు. పీకితే తెలిసేది అసలు సంగతి. ఊడల మీద, లేత కాయల మీద గోధుమ, పసుపు కలిసిన చిన్న మచ్చలు, వాటి అంచులు కాస్త ఉబ్బి ఉండేవి. కాయతొడిమ పొట్టిపడేది. మచ్చలన్నీ కలిసిపోయి చివరికి కాయంతా నల్లబడేది. గింజ కుళ్లేది కాదు, సైజు మాత్రం తగ్గేది. వేళ్ల మీద వెతికితే ఒక్క బుడిపె లేదు.

బుడిపె సూత్రాన్ని నమ్ముకున్నవాడు ఈ చేలో నులిపురుగు లేదని రాసిచ్చి వెళ్లిపోతాడు. తిరుపతిలోని వ్యవసాయ శాస్త్రవేత్తలు, పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు అలా వెళ్లిపోలేదు. మట్టిని జల్లించి, మైక్రోస్కోపు కింద పెట్టి, దొరికిన పురుగును వేరుశనగ మీద మళ్లీ పెంచి, అవే మచ్చలు తిరిగి తెప్పించి చూశారు. డి.డి.ఆర్. రెడ్డి, పి. సుబ్రహ్మణ్యం తదితరులు 1984లో ‘ప్లాంట్ డిసీజ్’ పత్రికలో దాని పేరు ప్రకటించారు: టైలెంకోరింకస్ బ్రెవిలినియేటస్. వేరు బయటే ఉండి, సూదిలాంటి నోటితో పొడిచి రసం పీల్చే రకం ఇది. వేరులో దూరదు, బుడిపె కట్టదు. అంతకుముందు 1960లో ఈ జాతిని మారిషస్ చెరకు నేలల నుంచి వర్ణించి పెట్టారు. ఎక్కడో సముద్రంలోని దీవిలో, చెరకు మట్టిలో, ఎవరో ఓపికగా తోక పొడవు, సూది పొడవు కొలిచి రాసిపెట్టిన ఆ వర్ణన లేకపోతే కాళహస్తి రైతు చేలోని పురుగును పోల్చి చూసుకోవడానికి ఆధారమే ఉండేది కాదు.

పేరు తేలాక ఏం ఒరిగింది? పురుగు ఏదో తెలిసింది కాబట్టే దాన్ని కుండీల్లో పెంచి, వందల వేరుశనగ రకాల్ని దాని ముందు పెట్టి, ఏది తట్టుకుంటుందో ఏరగలిగారు. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ‘తిరుపతి-3’, ఆ తర్వాత ‘కాళహస్తి’ అనే రకం ఆ దారిలో పుట్టినవే. రైతు సంచి గుళికలు కొనకుండా, విత్తనం మార్చి తెగులును దాటాడు. తెగులుకు కారణం మట్టిలో ఉప్పనో, సున్నం లోపమనో, ఇంకో బూజనో అనుకుంటూ కూర్చుంటే ఆ రకాలు ఏ పురుగును ఎదిరించాలని తయారయ్యేవి?

ఇక “మందు ఒకటే” అన్న అసలు వాదన. దీన్ని దాని బలమైన రూపంలోనే తీసుకోవాలి. నిజమే, ఒకప్పుడు గుళికల మందులు జాతి తేడా చూడలేదు. కార్బోఫ్యూరాన్ గాని, ఫోరేట్ గాని మట్టిలో తగిలిన ప్రతి నులిపురుగునూ కొంతమేర దెబ్బతీశాయి. అప్పుడు పేరుతో పని తక్కువగానే కనిపించింది. కానీ ఆ రోజులు పోయాయి. ఫోరేట్‌ను కేంద్రం 2020 డిసెంబరు 31తో పూర్తిగా ఆపేసింది. కార్బోఫ్యూరాన్‌లో 3 శాతం గుళికల రూపం తప్ప మిగతావాటికి 2023లో చెక్ పెట్టింది. అంతకు చాలా ముందే, నులిపురుగుల మందుల్లో రారాజుగా వెలిగిన డీబీసీపీని అమెరికాలో వదిలించుకున్నారు. 1977లో కాలిఫోర్నియా కర్మాగారంలో దాన్ని తయారుచేసే కార్మికులకు పిల్లలు పుట్టని స్థితి వచ్చిందని బయటపడింది. ఇప్పుడొస్తున్న కొత్త మందులు బోరు కింద అర ఎకరం టమోటాకు గిట్టుబాటు కావచ్చేమో గాని, వానాధార కందికి, ఆముదానికి ఎకరాలకెకరాలు పోసేంత ధరలో లేవు.

అంటే మెట్ట రైతు చేతిలో మిగిలిన ఆయుధాలు మూడే. పంట మార్పిడి, తట్టుకునే రకం, శుభ్రమైన నారు లేదా మొక్క. ఈ మూడూ పురుగు పేరు మీదే ఆధారపడి పనిచేస్తాయి. గుళిక ఏ పురుగునైనా చంపుతుందేమో గాని పంట మార్పిడి అలా చెయ్యదు. ఒక పురుగును పస్తు పెట్టే పంట ఇంకో పురుగుకు విందు. పేరు తెలియకుండా పంట మార్చడమంటే చీకట్లో బాణం వెయ్యడమే.

కోడుమూరు చుట్టుపక్కల ఎర్ర నేలా ఉంది, నల్లరేగడీ ఉంది. పత్తి, కంది, ఆముదం, వేరుశనగ, జొన్న, నీళ్లున్నచోట టమోటా, ఉల్లి, మిరప. ఈ పంటల వరసను పట్టుకొని లెక్క వేసి చూడండి. టమోటా వేళ్ల మీద బుడిపెలున్నాయి. మళ్లీ ఏం వెయ్యాలి? బుడిపె కట్టిన పురుగు మెలాయిడోగైన్ ఇన్‌కాగ్నిటా అయితే వేరుశనగ మంచి మందు, ఆ పురుగు వేరుశనగ మీద పిల్లల్ని పెట్టలేదు. అదే మెలాయిడోగైన్ అరినేరియా మొదటి రేసు (జాతిలోని తెగ) అయితే వేరుశనగ దానికి ఇష్టమైన పంట. బుడ్డలు వేసినవాడు పురుగును సొంత ఖర్చుతో పోషించినట్టే. గుజరాత్ వేరుశనగ నేలల్లో ఈ బెడద ఎంతో రైతులకు తెలుసు. మరి పత్తి వేస్తే? ఇన్‌కాగ్నిటాలోనే నాలుగు రేసులున్నాయి. మూడు, నాలుగు రేసులు పత్తి మీద పెరుగుతాయి. ఒకటి, రెండు పెరగవు. మెలాయిడోగైన్ జావానికా అయితే మామూలుగా పత్తిని ముట్టదు. టమోటా వేరు మీద ఈ అన్నిటి బుడిపెలూ కంటికి ఒకేలా ఉంటాయి. ‘ఏదైతే ఏం’ అన్నవాడు ఇప్పుడు రైతుకు ఏ పంట చెబుతాడు?

ఈ రేసుల సంగతి అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో తేలింది. ఎన్సీ-95 పొగాకు, డెల్టాపైన్ పత్తి, కాలిఫోర్నియా వండర్ మిరప, చార్లెస్టన్ గ్రే పుచ్చ, ఫ్లోరన్నర్ వేరుశనగ, రట్జర్స్ టమోటా - ఈ ఆరు మొక్కల్ని కుండీల్లో పెంచి, ఒకే చేలోని పురుగును అన్నిటికీ పెట్టి, ఏది తట్టుకుంటుందో, ఏది లొంగుతుందో చూస్తారు. లొంగిన మొక్కల వరసను బట్టి జాతి, రేసు తేలుతుంది. ఇందులో యంత్రాలేం లేవు. కుండీలు, మట్టి, రెండు నెలల ఓపిక చాలు. జిల్లాకొక పరిశోధన స్థానం ఉన్న రాయలసీమలో ఇది చెయ్యలేమనడం చెల్లదు.

ఇప్పుడు నల్లరేగడి కంది చేనుకు పోదాం. ఇక్కడ బుడిపె పద్ధతి మరింత ఘోరంగా తప్పుతుంది. ఎందుకంటే కంది పప్పుజాతి మొక్క. దాని వేళ్లకు నత్రజని బుడిపెలు సహజంగానే ఉంటాయి. అవి మేలు చేసే బుడిపెలు. వేరు పక్కకు అతుక్కొని ఉంటాయి, గోటితో నెట్టితే ఊడి వస్తాయి, చిదిమితే లోపల గులాబీ రంగు కనబడుతుంది. వేరుబుడిపె నులిపురుగు చేసింది అలా ఊడదు, అది వేరు తానే ఉబ్బి అయింది. ఈ తేడా చెప్పకపోతే మేలు చేసే బుడిపెను చూసి మందు పోసేవాడూ ఉంటాడు, చెడు చేసేదాన్ని చూసి సంతోషపడేవాడూ ఉంటాడు.

కంది వేరులో ఇంకో ఇద్దరు శత్రువులుంటారు, వాళ్లు బుడిపె కట్టరు. ఒకటి రోటిలెంకులస్ రెనిఫార్మిస్. దీని ఆడది తల, మెడ వేరులో దూర్చి, వెనక భాగాన్ని బయటే వదిలి మూత్రపిండం ఆకారంలో ఉబ్బుతుంది. గుడ్లను జిగురు ముద్దలో పెడుతుంది. ఆ జిగురుకు మట్టి రేణువులు పట్టుకుంటాయి. కంది మొక్కను జాగ్రత్తగా పెళ్లగించి బకెట్ నీళ్లలో మెల్లగా ఆడించి చూస్తే ఇది తెలిసిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగా తేలుతుంది. ఈ పురుగు పట్టిన వేరు ఎంత కడిగినా సన్నసన్నని మట్టి చుక్కలతో మురికిగానే ఉంటుంది. దీన్ని ‘మురికి వేరు తెగులు’ అని శాస్త్రజ్ఞులు పిలుస్తారు. ఒక భూతద్దం ఉంటే ఆ మట్టి చుక్క కింద తెల్లటి గుడ్ల ముద్దను చూడవచ్చు. మెత్తటి బంకనేలలంటే ఈ పురుగుకు ఇష్టం. పత్తి, ఆముదం, అలసంద, టమోటా - అన్నీ దానికి తిండే. అంటే పత్తి తర్వాత కంది, కంది తర్వాత ఆముదం అని తిప్పుకుంటూ పోయే రైతు, తెలియక, ఈ పురుగుకు ఏడాదంతా అన్నం పెడుతున్నాడు. జొన్నగాని, వేరుశనగగాని మధ్యలో వస్తే దానికి ఆకలి మొదలవుతుంది.

రెండోది హెటెరోడెరా కజాని. దీన్ని 1967లో కోషీ వర్ణించాడు. ఇది తిత్తి నులిపురుగు. ఆడది నిమ్మకాయ ఆకారంలో, ముందు ముత్యంలా తెల్లగా వేరు మీద కనిపిస్తుంది. చచ్చిపోయాక గోధుమ రంగు తిత్తిగా మారి, కడుపులో గుడ్లు పెట్టుకొని మట్టిలో ఏళ్లు పడి ఉంటుంది. మినుము, పెసర, అలసంద, నువ్వులు కూడా దానికి సరిపోతాయి. ఇక్కడ చూడండి: రెనిఫార్మిస్ చేలో అయితే కందికి బదులు పత్తి వెయ్యడం ప్రమాదం, కజాని చేలో అయితే పత్తి నిజానికి మేలు చేస్తుంది. రెండు చేలల్లోనూ కంది పైకి ఒకేలా గిడసబారి, ఒకేలా పసుపెక్కుతుంది. చూపులతో మందు చెప్పేవాడు ఈ రెంటికీ జింకు లోపమని రాసి, సూక్ష్మధాతువుల పొడి చేతికిస్తాడు. ఇది రాయలసీమ పల్లెల్లో రోజూ జరిగేదే.

“మెట్ట నేలలో, ఇంత ఎండలో, పురుగెక్కడ బతుకుతుంది?” అని ఇంకో వాదం. పంట కాలువల కింద, తోటల్లో వస్తుందేమో గాని వానాధార భూమిలో నులిపురుగు సమస్య లేదని కొందరి నమ్మకం. ఇది పచ్చి పొరపాటు. రెనిఫార్మిస్ ఎండిన మట్టిలో నెలల తరబడి కదలకుండా పడుకొని, తడి తగలగానే లేచి వేరును వెతుక్కుంటుంది. ఇలా ఒంట్లో నీరు దాదాపు పోగొట్టుకొని కూడా ప్రాణం నిలుపుకోవడం చాలా నులిపురుగులకు చాతనవును. కజాని తిత్తి మరీ గట్టి. ఎండలో పొలం దున్నితే పైపొరలోవి కొన్ని చస్తాయి, అంతే. తొలకరికి విత్తిన గింజ వేరు తీసే వేళకు లోపలివన్నీ సిద్ధం.

మట్టి పరీక్ష కూడా ఈ సమస్యను దాచిపెడుతోంది. 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రధాని ప్రారంభించిన భూసార కార్డు పథకంలో 12 అంశాలు లెక్కిస్తారు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. ఇందులో నేలలో ప్రాణంతో ఉన్నది ఒక్కటీ లేదు. కార్డు చేతిలో పెట్టుకొని రైతు “నా భూమి పరీక్ష అయింది” అని నమ్ముతాడు. నులిపురుగుల లెక్క అందులో లేదని అతనికి ఎవరూ చెప్పరు. నులిపురుగుల మీద నడిచే అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం కింద వేసిన అంచనాలో నులిపురుగుల వల్ల దేశంలో ఏటా 21.3 శాతం పంట నష్టం, దాదాపు 10,204 కోట్ల రూపాయలు పోతున్నాయని తేలింది. ఆ లెక్కలో సగానికి పైగా పొలం పంటలదే గాని కూరగాయలది కాదు. ఇంత నష్టం చేసే జీవికి కార్డులో ఒక గడి కూడా లేదు!

ఇక్కడ ఒక సంగతి నిజాయితీగా ఒప్పుకోవాలి. మట్టి పరీక్షలో ‘నులిపురుగులు ఇన్ని’ అని అంకె వేసినంత మాత్రాన లాభం లేదు, కొన్నిసార్లు నష్టమే. ఎందుకంటే మట్టిలోని నులిపురుగుల్లో చాలావరకు మొక్కను ముట్టవు. బ్యాక్టీరియాను తినేవి, బూజును తినేవి, సాటి నులిపురుగుల్నే మింగే మోనాంకస్ వంటివి, పంటను తినే గొంగళిని చంపే స్టైనర్నిమా వంటివి ఎన్నో. 2002లో నోబెల్ వచ్చిన పరిశోధనలకు ఆధారమైన సీనోరాబ్డైటిస్ ఎలిగన్స్ కూడా మట్టిలో బ్యాక్టీరియా తిని బతికే నులిపురుగే. పశువుల ఎరువు బాగా వేసిన చేలో ఇవి వేలల్లో ఉంటాయి, అవి ఉండటం నేలకు మంచిది. జాతి విడదీయకుండా మొత్తం లెక్కేస్తే, ఎరువు వేసిన మంచి చేలో “నులిపురుగులు విపరీతం” అని నివేదిక వస్తుంది. దాన్ని పట్టుకొని ఎవడైనా గుళికలు పోస్తే మేలు చేసేవన్నీ చస్తాయి. పేరు లేని లెక్క అజ్ఞానం కన్నా చెడ్డది. ఇప్పటిదాకా శాస్త్రం వర్ణించిన మొక్కలను పీల్చే జాతులే 4,100కు పైగా ఉన్నాయి. వాటిలో రాయలసీమ పంటలకు లెక్కలోకి వచ్చేవి మాత్రం చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతే. వాటిని గుర్తుపట్టడం నేర్పడం అసాధ్యమైన పనేం కాదు.

ఆ గుర్తింపు ఎలా చేస్తారో చూస్తే, అది అందని ద్రాక్ష కాదని తెలుస్తుంది. పావు కిలో మట్టిని బకెట్ నీళ్లలో కలిపి, పెద్ద రేణువులు అడుక్కు దిగే దాకా ఆగి, పై నీటిని వరుసగా సన్నబడే జల్లెడల మీద పోస్తారు. అమెరికా శాస్త్రవేత్త నాథన్ కాబ్ 1918లో చెప్పిన పద్ధతి ఇది. చివరి జల్లెడ మీద మిగిలినదాన్ని పల్చటి కాగితం మీద నీళ్లలో ఒక రాత్రి ఉంచితే బతికున్న పురుగులు తమంతట తామే కిందికి దిగుతాయి. తెల్లారి వాటిని మైక్రోస్కోపు కింద చూస్తారు. నోట్లో సూది ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. లేకపోతే అది మొక్కకు శత్రువు కాదు. ఉంటే దాని పొడవు, వెనక కొనకున్న ముడుల ఆకారం, తోక మొద్దుగా ఉందా సన్నగా ఉందా, ఆడదాని జననరంధ్రం ఒంట్లో ఎక్కడుంది అని చూసుకుంటూ పోతే ప్రజాతి దాకా చేరతారు.

బుడిపె కట్టే మెలాయిడోగైన్ దగ్గర కొంచెం కష్టపడాలి. దాని పిల్లలన్నీ దాదాపు ఒకటే పోలిక, మిల్లీమీటరులో సగం కూడా ఉండవు. అందుకని వేరులోంచి ఆడదాన్ని సూదితో బయటికి తీస్తారు. గుండుసూది తలంత, ముత్యంలా తెల్లగా, సొరకాయ బుర్రలా ఉంటుంది. దాని వెనక భాగాన్ని పదునైన బ్లేడుతో కోసి, శుభ్రం చేసి, గాజు పలక మీద పరిచి చూస్తే చర్మం మీద గీతలు కనబడతాయి. ఆ గీతలు జాతికొక తీరులో ఉంటాయి. ఇన్‌కాగ్నిటాలో పైనున్న వంపు ఎత్తుగా, చదరంగా లేస్తుంది. జావానికాలో రెండు పక్కల స్పష్టమైన గీతలు ఆ వంపును తెంచేస్తాయి. అరినేరియాలో వంపు తక్కువగా గుండ్రంగా ఉంటుంది. హాప్లా అనే ఇంకో జాతిలో తోక దగ్గర చిన్న చుక్కలుంటాయి. అలవాటు పడ్డ కన్ను గంటకు పది నమూనాలు చూస్తుంది. మెలాయిడోగైన్ ప్రజాతిలో జాతుల్ని ఇలా విడదీయవచ్చని చిట్‌వుడ్ 1949లో చూపించేదాకా ప్రపంచమంతా వేరుబుడిపె పురుగుల్ని ఒకే జాతిగానే లెక్కవేసింది. కోడుమూరు అంగడిలో నేటికీ వినిపించే “ఏదైతే ఏం” ఆ కాలం మాటే.

డీఎన్‌ఏ యంత్రాలు వస్తున్నాయి కదా, ఈ గీతలు చూసే తంటా ఎందుకని కొత్త తరం వాదన. డీఎన్‌ఏ పరీక్ష గొప్పదే. గీతలు చూసి మోసపోయే చోట అదే కాపాడుతుంది. కానీ యంత్రం ఇచ్చే అక్షరాల వరసను దేనితో పోల్చాలి? అంతకుముందు ఎవరో మైక్రోస్కోపు కింద చూసి, పేరు పెట్టి, భద్రపరిచిన నమూనాతోనే. రెండూ కలిసి నడవాలి. జామ తోటల అనుభవం అదే చెబుతుంది. మెలాయిడోగైన్ ఎంటెరోలోబీ అనే జాతిని 1983లో చైనాలో వర్ణించారు. దాని గీతలు ఇన్‌కాగ్నిటా గీతల్లాగే ఉంటాయి, కాబట్టి చాలా దేశాల్లో దాన్ని ఇన్‌కాగ్నిటా అనే పొరబడ్డారు. ఇది మన దేశంలో ఉందని 2016లో తమిళనాడు జామ తోటల నుంచి నివేదిక వచ్చింది. మామూలు నులిపురుగులను తట్టుకునే టమోటా రకాల్లోని ‘ఎంఐ’ జన్యువును ఇది లెక్క చెయ్యదు. తట్టుకునే రకమని నమ్మి విత్తనం కొన్న రైతు చేలోనూ బుడిపెలే. ఈ పురుగు నర్సరీ సంచిలోని మట్టితో ఊరి నుంచి ఊరికి ప్రయాణిస్తుంది. పక్క రాష్ట్రాల నర్సరీల నుంచి లారీల్లో జామ, దానిమ్మ మొక్కలు రాయలసీమకు దిగుతున్న ఈ రోజుల్లో ‘ఏ పురుగైతేనేం’ అనుకోవడం అంటే దొంగకు తలుపు తీసి పెట్టడమే.

పురుగు పేరును పట్టించుకోకుండా తట్టుకునే రకాన్ని నాటితే ఏమవుతుందో ఇంగ్లండ్ బంగాళాదుంప రైతులు చూశారు. 1966లో వచ్చిన మారిస్ పైపర్ రకం గ్లోబోడెరా రోస్టోకియెన్సిస్ అనే తిత్తి నులిపురుగును బాగా తట్టుకుంది. కానీ ఆ చేలల్లో దానికి తోబుట్టువు లాంటి ఇంకో జాతి ఉందని 1973లో గాని స్టోన్ విడదీసి చూపలేదు. దాని పేరు గ్లోబోడెరా పాలిడా. మారిస్ పైపర్ మొదటిదాన్ని ఆపుతుంటే రెండోది ఖాళీ పొలంలోకి వచ్చి పెరిగింది. ఇప్పుడు అక్కడ పెద్ద తలనొప్పి పాలిడానే. మన నీలగిరుల్లో 1961లో జోన్స్ ఊటీ దగ్గర ఈ తిత్తి పురుగును కనుక్కున్నాడు. తర్వాతి పరిశోధనల్లో అక్కడ రెండు జాతులూ ఉన్నాయని తేలింది కాబట్టే రెండింటినీ ఎదుర్కొనే ‘కుఫ్రీ స్వర్ణ’ను 1985లో విడుదల చేశారు. నీలగిరుల్లో వర్గీకరణ ముందు నడిచింది, రకం దాని వెనక వచ్చింది.

“పేర్లు మీరే మారుస్తుంటారు, వాటినేం నమ్మాలి?” అని కొందరి ఎత్తిపొడుపు. కాళహస్తి పురుగునే ఇప్పుడు చాలామంది బైటైలెంకస్ బ్రెవిలినియేటస్ అంటున్నారు. నిజమే. ఇంటిపేరు మారింది గాని పురుగు మారలేదు, దాని మీద చేసిన పని చెక్కుచెదరలేదు. 1960 నాటి వర్ణన, ఆ నమూనా ఎప్పటికీ ఆ పేరు వెనకే ఉంటాయి. పంట రకాలకు, మందులకు కూడా కంపెనీలు పేర్లు మారుస్తూనే ఉంటాయి; అందుకని ఎవరూ విత్తనం కొనడం మానలేదు.

ఇక చేతికందే పని సంగతి. ప్రతి జిల్లాలో మట్టి పరీక్ష కేంద్రానికి ఒక మైక్రోస్కోపు, నాలుగు జల్లెడలు, నులిపురుగుల్ని గుర్తుపట్టే ఒక శిక్షితుడు ఉండాలి. భూసార కార్డులో 13వ గడి ఒకటి పెట్టి, మొక్కను పీల్చే నులిపురుగుల్ని జాతుల వారీగా రాయాలి. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో వచ్చే ఖరీఫ్‌లోపే నమూనాగా కొన్ని మండలాల్లో ఇది మొదలుపెట్టినా చాలు. నంద్యాల, తిరుపతి పరిశోధన స్థానాల్లో దీనికి కావలసిన చదువు, అనుభవం ఉన్నాయి. జామ, దానిమ్మ, అరటి మొక్కలమ్మే నర్సరీలకు నులిపురుగుల పరీక్ష ధ్రువపత్రం తప్పనిసరి చెయ్యాలి. పత్రం లేని మొక్కను మండలంలోకి రానివ్వకూడదు.

రైతు దగ్గరా పని ఉంది. చేలో గిడసబారిన పట్టీ కనిపిస్తే గుళికల సంచి కొనే ముందు, చేనంతా అడ్డదిడ్డంగా నడుస్తూ పదిహేను ఇరవై చోట్ల జానెడు లోతు మట్టిని వేళ్లతో సహా తీయండి. అంతా కలిపి అందులో అర కిలో మట్టి, గుప్పెడు వేళ్లు పాలిథిన్ సంచిలో వేసి నీడలో పెట్టండి, ఎండలో బండి మీద వేయకండి. పురుగు చస్తే ప్రయోగశాల దాన్ని చూడలేదు. చీటీ మీద ఇప్పుడున్న పంట, దానికి ముందు వేసిన రెండు పంటల పేర్లు రాయండి. ఆ రెండు పేర్లే చాలాసార్లు పురుగు ఏదో సగం చెప్పేస్తాయి. ఈ సంచిని పరిశోధన స్థానానికి పంపి, “ఎన్ని ఉన్నాయి?” అని మాత్రమే కాక, “ఏవి ఉన్నాయి?” అని రాతపూర్వకంగా జవాబు అడగండి. జవాబు రాకపోతే మళ్లీ అడగండి. ఆ జవాబు చేతికొచ్చేదాకా వచ్చే ఏటి పంట నిర్ణయించుకోకండి.